పదకొండో నంబరు

మొన్న మా అమ్మ పుట్టింటి ఊళ్లో అమ్మవారి పండగ. వైజాగ్ నుంచి హైవే మీద రణస్థలం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి సముద్రం వైపు తిరగాలి. అణువిద్యుత్ ప్లాంటు కడతామంటున్న కొవ్వాడ ఆ చుట్టుపక్కలే. భోజనాలయ్యాక అరుగు మీద చేరితే మాటలు ఎటు పోయినా చివరికి ప్లాంటు దగ్గరికే వస్తాయి. ఎవరికెంత పరిహారం వచ్చింది, ఎవరు కారు కొన్నారు, ఎవరు తాగేశారు. ఆ వరసలోనే ఒక పెద్దాయన, ఏదో సభలో ఎవరో అధికారి చెప్పాడట, "అత్యాధునిక రేడియేషన్ మానిటర్లు పెడతారంట, చీమ చిటుక్కుమన్నా తెలిసిపోతాదంట" అన్నాడు.

నాకు వరసకి తమ్ముడయ్యేవాడొకడున్నాడు. కాస్త పొలం, ఒక బోటులో వాటా. వాడు నా వైపు తిరిగి, "అన్నియ్యా, నువ్వు జల్మంతా మీటర్లతోనే బతికినావు గదా. ఒక్క ముక్క సెప్పు. ఆ మిసను మోగితే మాకినపడతాదేటి?" అన్నాడు.

చెప్పబోయి ఆగిపోయాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో ఉన్నాను. గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడ వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద మీటర్లు బిగించడం, క్యాలిబ్రేట్ చేయడం. అందులో ఆరేళ్లు వెల్డింగ్ జాయింట్లకి గామా కిరణాలతో ఫొటోలు తీసే రేడియోగ్రఫీ జట్లతో తిరిగాను. మీటరు ఎంత ఖచ్చితం, రేంజి ఎంత, ఎన్నాళ్లకోసారి క్యాలిబ్రేట్ చేయాలి అని అడిగినవాళ్లున్నారు. మాకు వినపడుతుందా అని అడిగినవాడు వీడే.

అణువిద్యుత్తు కావాలా వద్దా అనే పంచాయితీ ఇక్కడ పెట్టట్లేదు. పెట్టినా వైజాగ్ వాడికి అంత అమాయకత్వం నప్పదు. 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్‌ని నీళ్లలోకి దించింది మన ఊళ్లోనే. అచ్యుతాపురంలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం క్యాంపస్ ఉంది. రియాక్టరు అన్న మాట మనకి కొత్త కాదు. నేను పట్టుకున్నది ఆ "అత్యాధునిక" అన్న మాటని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక రాత్రి గుర్తొస్తుంది.

ముల్లు కదలని రాత్రి

గాజువాక దాటాక ఒక షెడ్డు. పెద్ద ప్రెషర్ వెసెల్ ఒకటి తయారవుతోంది. పగలు మనుషులు తిరుగుతారు కాబట్టి రేడియోగ్రఫీ అంతా రాత్రి పది దాటాకే. చుట్టూ తాడు కట్టి, ఎర్ర దీపాలు పెట్టి మొదలెట్టాం. పనితీరు ఇలా ఉంటుంది: బరువైన చిన్న పెట్టెలో గామా కిరణాలు వదిలే ఇరిడియం-192 సోర్సు ఉంటుంది. దాన్ని మేం కెమెరా అంటాం. దూరంగా నిలబడి క్రాంకు తిప్పితే సోర్సు గొట్టంలోంచి బయటికి పాకి జాయింటు దగ్గరికి చేరుతుంది. నిమిషాలు లెక్కపెట్టి వెనక్కి తిప్పితే పెట్టెలోకి దూరుతుంది. దూరిందో లేదో కంటికి తెలియదు. చేతిలో సర్వే మీటరు పట్టుకుని కెమెరా దగ్గరికి నడవాలి. ముల్లు ఎగబాకితే వెనక్కి పరిగెత్తాలి.

ఆ రాత్రి మూడో ఎక్స్‌పోజర్ అయ్యాక మా హెల్పర్ కుర్రాడు మీటరు పట్టుకుని ముందు నడిచాడు. ముల్లు సున్నా మీదే ఉంది. కెమెరాకి నాలుగడుగుల దూరంలోకి వెళ్లినా సున్నాయే. "క్లియర్ సార్" అన్నాడు నవ్వుతూ. వెనకాల మా సీనియర్, సిగరెట్టు వెలిగించుకోబోతున్న మనిషి, అగ్గిపుల్ల పారేసి "ఒరేయ్ ఆగు, వెనక్కి రా" అని కేకేశాడు.

సోర్సు లోపలికి వెళ్లినా కెమెరా పక్కన మీటరు కొంచెమైనా చూపించి తీరాలి. సోర్సు చుట్టూ ఎంత బరువైన కవచమున్నా కాస్త కిరణం బయటికి జారుతూనే ఉంటుంది. ఆ మాత్రం కూడా చూపించట్లేదంటే కెమెరా బాగుండి కాదు, మీటరు చచ్చి. వేరే మీటరు తెప్పించి చూశాం. సోర్సు లోపలే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. మొదటి మీటరులో బ్యాటరీ అయిపోయింది, అంతే.

ఏమీ జరగలేదు కాబట్టి ఆ సంగతి ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. నాకు మాత్రం ఆ కుర్రాడి నవ్వు మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. సున్నాని చూసి వచ్చిన నవ్వు అది.

ఇంకో పితలాటకం కూడా ఉంది. గైగర్ ట్యూబుతో చేసిన మీటరుకి బ్యాటరీ నిండా ఉన్నా సున్నా చూపించే సందర్భం ఒకటి వస్తుంది. రేడియేషన్ మరీ ఎక్కువైతే ట్యూబు ఒక కణాన్ని లెక్కపెట్టి తేరుకునేలోపే వందలు మీద పడతాయి. ఉక్కిరిబిక్కిరైపోయి లెక్కపెట్టడమే మానేస్తుంది. ముల్లు కిందికి జారుతుంది. మంచి మీటర్లలో దీనికి అడ్డుకట్ట ఉంటుంది. పాతవాటిలో లేదు. అంటే అన్నిటికన్నా భద్రమైన చోటూ, అన్నిటికన్నా ప్రమాదమైన చోటూ ఒకటే అంకె.

చెర్నోబిల్‌లో రియాక్టరు పేలిన 1986 ఏప్రిల్ 26 రాత్రి జరిగింది దీనికి దగ్గరి చుట్టం. అక్కడ చేతికందిన మీటర్ల కొలత గంటకి 3.6 రాంట్‌జెన్ల దగ్గర ఆగిపోతుంది. ముల్లు చివరికెళ్లి గుద్దుకుంది. దాన్ని "ఇంతకన్నా ఎక్కువ, ఎంతో తెలియదు" అని చదవాలి. "3.6" అని చదివారు. పైవాళ్లకి అదే చెప్పారు. పైవాళ్లు ఆ పైవాళ్లకి అదే చెప్పారు. అసలు సంగతేమిటంటే కొన్నిచోట్ల గంటకి వేల రాంట్‌జెన్లున్నాయి. పక్కనున్న ప్రిప్యాట్ జనాన్ని ఊరు ఖాళీ చేయించింది మర్నాడు మధ్యాహ్నం, దాదాపు ముప్ఫయ్యారు గంటలయ్యాక. ఆ మధ్యలో పిల్లలు బళ్లకీ వెళ్లారు.

బయటి ప్రపంచానికి తెలిసింది ఎక్కడో స్వీడన్‌లో. ఏప్రిల్ 28 ఉదయం ఫోర్స్‌మార్క్ ప్లాంటులో ఒక ఉద్యోగి బూట్ల దగ్గర మానిటరు మోగింది. వాళ్ల ప్లాంటే లీకైందనుకున్నారు మొదట. తీరా చూస్తే ధూళి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి వచ్చింది. నాకు అందులో నచ్చేది ఆ మానిటరు గొప్పతనం కాదు. అలాంటివి అన్ని ప్లాంట్లలోనూ ఉంటాయి. మోగినప్పుడు "ఇది ఎప్పుడూ ఇంతేలే" అనకుండా, ఆ బూటు తీసుకెళ్లి పరీక్షించిన మనిషి నచ్చుతాడు.

బతికున్న సున్నా

మా వృత్తిలో కొత్తగా చేరినవాడికి మొదటిరోజే చెప్పే సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీలో సెన్సర్ నుంచి కంట్రోల్ రూముకి కొలత వెళ్లేది 4 నుంచి 20 మిల్లీఆంపుల కరెంటు రూపంలో. కొలత సున్నా అయితే 4, నిండుగా ఉంటే 20. సున్నాకి సున్నా మిల్లీఆంపులే పంపొచ్చుగా, 4 ఎందుకు? తీగ తెగిపోతే కూడా సున్నాయే వస్తుంది కాబట్టి. "ఏమీ లేదు" అన్న కబురుకీ, "కబురే లేదు" అన్నదానికీ తేడా తెలియాలి కాబట్టి. దీన్ని లైవ్ జీరో అంటారు. బతికున్న సున్నా.

రేడియేషన్ కొలిచేవాళ్లకి ఈ 4 మిల్లీఆంపులు ప్రకృతే ఉచితంగా ఇచ్చింది. రాతిలో యురేనియం, థోరియం, ఒంట్లో పొటాషియం, ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు. భూమ్మీద ఎక్కడ పెట్టినా గైగర్ కౌంటరు ఎంతో కొంత టిక్కుమంటూనే ఉంటుంది. అందుకే ప్లాంట్లలో గోడలకి బిగించే ఏరియా గామా మానిటర్లు ఎక్కువైనప్పుడు మోగడమే కాదు, లెక్క మరీ పడిపోయినా గోల చేస్తాయి. "నాకేమీ కనపడట్లేదు" అనడమంటే "నాకు కళ్లు పోయాయి" అని ఒప్పుకోవడమే.

నా దగ్గర చవక రకం గైగర్ కౌంటరొకటి ఉంది, ఆన్‌లైన్లో కొన్నది. కొన్న వారంలోనే మా ఆవిడ "ఆ కీచురాయి నోరు ముయ్యండి ముందు" అంది. దాన్ని జేబులో వేసుకుని ఊరంతా తిరిగాను. భీమిలిలో నల్లటి చారలున్న ఇసక మీద పెడితే ఇంట్లో కన్నా మూడు నాలుగింతలు చూపించింది. అక్కడి ఇసకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం. ఏ ప్లాంటూ రాకముందు నుంచీ, బహుశా మనుషులు రాకముందు నుంచీ ఉంది. పక్కన ఐస్ తింటున్న కుటుంబానికి ఆ అంకె చూపిస్తే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఈ సంగతి మళ్లీ ఎత్తుతాను, నా వాదనకి అడ్డొచ్చేది ఇదే కాబట్టి.

ఈ బతికున్న సున్నా సంగతి కనిపెట్టింది మా ఇంజనీర్లేనని చాలాకాలం గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, మన పోర్టువాళ్లకి ఎప్పటినుంచో తెలుసని. తుపాను వస్తే విశాఖ పోర్టులో మూడో నంబరు ఎగరేశారు, పదో నంబరు ఎగరేశారు అని పేపర్లో చదువుతూ పెరిగినవాళ్లం. పది అంటే మహా ప్రమాదం. చాలామంది లెక్క అక్కడితో అయిపోయిందనుకుంటారు. పదకొండో నంబరొకటుంది. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదముందని ఇక్కడి అధికారే భావిస్తున్నాడు అని దానర్థం. కబురు రాకపోవడాన్ని పది కన్నా పైమెట్టు మీద కూర్చోబెట్టారు. ఆ జాబితా రాసినవాడెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ పదకొండో నంబరు అంటే ఏమిటో ఊరు ఊరంతటికీ అనుభవమైంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, అసలేం జరుగుతోందో చెప్పేవాడు లేడు. జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం దగ్గర 2011 మార్చిలో జరిగిందీ అలాంటిదే. ఆ జిల్లాలో ఉన్న 24 మానిటరింగ్ పోస్టుల్లో 23 భూకంపం, సునామీ దెబ్బకి పనిచేయకుండా పోయాయి. అంటే ఏ రోజు కోసం వాటిని పెట్టారో సరిగ్గా ఆ రోజే పోయాయి. గాలి ఎటు వీస్తోందో తెలియక కొందరు జనం ప్లాంటు నుంచి దూరంగా పారిపోతున్నామనుకుంటూ, ధూళి వెళ్తున్న దిక్కుకే వెళ్లి తలదాచుకున్నారు.

కాబట్టి "అత్యాధునిక" మానిటర్లున్నాయా అన్నది నా ప్రశ్న కాదు. ఉంటాయి. అసలు ఆ పరికరాలు చేయడంలో మనవాళ్లు వెనకబడిందెప్పుడు? హైదరాబాదులో ఈసీఐఎల్ 1967 నుంచి ఉంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమగోదావరి జిల్లా మొగల్లు. ఆయన పేరే పెట్టిన ఏఎస్ రావు నగర్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో. మీటరు సమస్య కాదు. మీటరు మూగబోతే పదకొండో నంబరు ఎవరెగరేస్తారు, ఎవరికి కనపడేలా ఎగరేస్తారు అన్నదే సమస్య. అందుకే ఊళ్లోనే ఒక బోర్డు కట్టి, మీటరు చూపించే అంకె అందరికీ కనపడేలా పెట్టాలంటాను.

బావగారి ఎదురు ప్రశ్న

ఇదంతా రాసి మా బావగారికి చదివి వినిపించాను. ముప్ఫయ్యేళ్లు వేరే రాష్ట్రంలో అణు విద్యుత్ కేంద్రంలో హెల్త్ ఫిజిక్స్ విభాగంలో, అంటే మనుషులకి రేడియేషన్ తగలకుండా చూసే విభాగంలో చేసి రిటైరై, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నారు. సాంతం విని, "ఏమోయ్, మీటరు గురించి బాగానే రాశావు. మనుషుల గురించే తెలియలేదు నీకు" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. ప్లాంటు చిమ్నీలోంచి పోయే గాలిని నిత్యం లాగి చూస్తారు. ధూళికి ఫిల్టరు కాగితం, అయొడిన్‌కి బొగ్గు, వాయువులకి వేరే గది. లోపల పనిచేసేవాడు ఇంటికెళ్లాలంటే పోర్టల్ మానిటర్లో నిలబడాలి, చేతులూ కాళ్లూ చూపించాలి. బయట, ప్లాంటు రాకముందే ఎన్విరాన్‌మెంటల్ సర్వే ల్యాబ్ పెట్టి పాలు, చేపలు, బియ్యం, నీళ్లు అన్నీ కొలుస్తారు. ఐఎర్‌మాన్ అని రేడియేషన్ కొలిచే బార్క్ వాళ్ల నెట్‌వర్క్ స్టేషన్లు దేశమంతా వందల్లో ఉన్నాయి. "ఇంత చేస్తుంటే ఇంకా ఊళ్లో బోర్డు కట్టమంటావేంటి? ఒక వాన పడనీ, చెప్తా."

వాన సంగతి నిజమే. గాలిలో సహజంగా ఉండే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు తాలూకు ముక్కల్ని వాన కిందికి దించుతుంది. చినుకు పడగానే గామా కొలత పెరుగుతుంది, వాన ఆగిన కొద్ది గంటల్లో దిగిపోతుంది. నా కీచురాయి మీద కూడా వాయుగుండం రోజుల్లో చూశాను. "ఆ పెరిగిన అంకెని ఒకడు ఫొటో తీస్తాడు. వాట్సాప్‌లో పెడతాడు. సాయంత్రానికి ఊరు ఖాళీ. దారిలో యాక్సిడెంట్లలో పోయేవాళ్లని ఎవరు లెక్కపెడతారు?" అన్నారు.

నేను అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదం గుర్తుచేశాను. ఆయన వాదనకే బలమని తెలిసీ గుర్తుచేశాను. 1979 మార్చి 30న అక్కడ హెలికాప్టరులోంచి చిమ్నీకి సరిగ్గా పైన కొలిస్తే గంటకి 1200 మిల్లీరెమ్‌లు వచ్చింది. అంకె కరెక్టే. అయితే అది ప్లాంటు బయట, జనం ఉండేచోట తీసిన కొలత అని రాజధానిలో కూర్చున్నవాళ్లు పొరబడ్డారు. గర్భిణులూ చిన్నపిల్లలూ ఊరు విడిచిపెట్టమని గవర్నరు చెప్పాడు. లక్షకి పైగా జనం కదిలారు.

"చూశావా మరి" అన్నారు బావగారు.

"చూశాను. కంగారుపడింది ఎవరు బావగారూ? పల్లెటూరి వాళ్లా? అధికారులే కదా" అన్నాను. ఆయన నవ్వి, మందార మొక్క వైపు వెళ్లారు. ఒప్పుకున్నారని అనుకోను.

నిజానికి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న బావగారిది కాదు, మళ్లీ తమ్ముడిదే. ఫోన్లో బోర్డు సంగతి చెప్తే, "బోర్డు పెడితే మరి మా సేప ఎవుడు కొంటాడు అన్నియ్యా? ఆ అంకి రెండు గీతలు పెరిగిందంటే సాలు, బేరగాడు సగానికడుగుతాడు" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫుకుషిమా జాలర్లు ఏళ్ల తరబడి ఇదే గోల పడ్డారు. పరీక్షలో చేప శుభ్రంగా ఉందని తేలినా ఆ ఊరి పేరు అడ్డొచ్చింది.

అయినా నేను నా మాట మీదే ఉన్నాను. ఎందుకో తుపాను నంబర్లే చెప్తాయి. మూడో నంబరు ఎగిరితే మన ఊళ్లో ఎవడైనా మూటాముల్లె సర్దుకుంటాడా? వేటకెళ్లేవాడు పడవ పైకి లాగుతాడు, మిగతావాళ్లు టీ తాగుతారు. ఎందుకంటే ఆ నంబరు చిన్నప్పటి నుంచీ విని విని అలవాటైంది. అదే నంబరు జీవితంలో మొట్టమొదటిసారి పెనుతుపాను రోజున వింటే ఏమయ్యేది? అంకెకి జనం భయపడేది అది చూపించినందుకు కాదు, అన్నాళ్లూ చూపించనందుకు. వానకి పెరుగుతుంది, భీమిలి ఇసకలో ఎక్కువుంటుంది, ఎండాకాలం ఇంత, కార్తీకంలో ఇంత అన్నది ఊళ్లో ముసలమ్మకి కూడా తెలియాలి. తెలియాలంటే రియాక్టరు వచ్చాక కాదు, మొదటి కాంక్రీటు పోయకముందే ఊళ్లో మీటరు పెట్టాలి. జర్మనీలో ప్రభుత్వమే సుమారు 1700 స్టేషన్ల కొలతలు రోజూ ఇంటర్నెట్లో అందరికీ చూపిస్తోంది. అక్కడ వానలు పడట్లేదా?

సర్వే ల్యాబులు కొలవట్లేదని నేననను. కొలుస్తున్నాయి, నివేదికలూ వస్తున్నాయి. ఏడాదికోసారి, ఇంగ్లీషులో, సగటు లెక్కల్లో. మా తమ్ముడికి ఏడాది సగటు ఎందుకు? వాడు అడిగింది "మోగితే" అని.

బ్యాడ్జీ సొరుగులో

మీటరు మూగబోయేది బ్యాటరీ అయిపోతేనే కాదు. మనుషులు నోరు నొక్కేస్తారు కూడా.

మా అక్క కూతురు నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్-రే టెక్నీషియన్‌గా చేసింది కొన్నాళ్లు. అక్కడ అందరి టీఎల్‌డీ బ్యాడ్జీలూ ఒకే సొరుగులో ఉండేవట. ఛాతీ మీద పెట్టుకోవాల్సిన బ్యాడ్జీ అది. అందులోని చిన్న బిళ్లలు పడ్డ రేడియేషన్‌ని దాచుకుంటాయి. ల్యాబులో వేడిచేస్తే ఆ మేరకి వెలుగుతాయి. మూడు నెలలకోసారి సొరుగులోంచి తీసి పంపేవాళ్లు. అందరికీ సున్నా. "పెట్టుకుంటే ఏమవుతుందే?" అని అడిగాను. "డోసు ఎక్కువొస్తే ఉత్తరం వస్తుంది మావయ్యా, మళ్లీ సంజాయిషీలు రాయాలి. ఎందుకొచ్చిన గొడవ అన్నారు సీనియర్లు" అంది. ఆ పిల్ల తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. గాజువాక కుర్రాడి నవ్వు, ఈ సొరుగులో సున్నాలు, ఒకే బాపతు.

జపాన్‌లో ఇంకాస్త దూరం వెళ్లారు. ఫుకుషిమా శుభ్రం చేసే పనిలో ఒక సబ్‌కాంట్రాక్టరు తన కూలీల డోసిమీటర్లకి సీసపు రేకు తొడుగులు వేయించాడని 2012లో బయటపడింది. పరిమితి దాటితే ఆ కూలీకి అక్కడ పని ఉండదు కదా, అందుకు. రేడియేషన్ కార్మికుడికి మన దేశంలో ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌ల డోసు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మంచి నియమం. అయితే అంకె పెరిగితే కూలి పోతుందనుకున్నవాడు అంకెని పెరగనివ్వడు. మీటరు కనిపెట్టినవాడు ఈ సంగతి ఆలోచించి ఉండడు. పెట్టించేవాడు ఆలోచించాలి.

మోగినా నమ్మకపోవడం మరో రకం. 2011 మార్చి 24న ఫుకుషిమా మూడో యూనిట్ పక్కన నీళ్లు నిలిచిన నేలమాళిగలో ముగ్గురు పనిచేస్తుంటే వాళ్ల డోసిమీటర్లు మోగాయి. ముందురోజు అక్కడ కొలత తక్కువే ఉంది కాబట్టి పరికరమే పాడైందనుకుని పని కానిచ్చారు. మా షెడ్డులో చచ్చిన మీటరుని నమ్మాం. వాళ్లు బతికున్నదాన్ని నమ్మలేదు.

బావగారికి న్యాయం చేయాలంటే కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రం గురించి చెప్పాలి. 2009 నవంబరులో అక్కడ ఒక వాటర్ కూలర్లో ఎవరో ట్రిషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉన్న భారజలం కలిపారు. ఆ నీళ్లు పదుల మంది తాగారు. ట్రిషియం వదిలే బీటా కణం చర్మం కూడా దాటలేనంత బలహీనం. ఒంట్లోకి వెళ్తే తప్ప హాని లేదు, ఒంట్లోకి వెళ్లాక ఛాతీ మీది బ్యాడ్జీకి తెలియదు. గోడ మానిటరుకీ తెలియదు. పట్టిచ్చింది మామూలుగా చేసే మూత్ర పరీక్ష. ఏ అత్యాధునికమూ కాదు, విసుగు లేకుండా రోజూ సీసాలు పరీక్షించే ఒక ల్యాబు. అదీ వ్యవస్థ అంటే. అందుకే ప్లాంటువాళ్లు ఏమీ చేయరనే మాట నా నోట రాదు. కంచె లోపల ఉన్న ఆ ఓపికలో కాస్త కంచె బయటికి రావాలంటున్నాను.

వెంకటాపురం

2020 మే 7. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరిన్ ఆవిరి లీకైన రోజు. మేం గోపాలపట్నంలో ఉండేవాళ్లం. నాలుగింటికి ముందే ఫోన్ మోగింది, తలుపులు తీయొద్దని ఒకరు, తీసి పారిపొమ్మని ఒకరు. మా వీధివాళ్లని లేపింది సైరన్ కాదు, వాసన. పన్నెండు మంది పోయారు. ఆ రోజు గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. నన్ను వదలనివి తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో చదివిన రెండు సంగతులు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే ఉంది, పైపొరలు ఎంత వేడెక్కాయో కంట్రోల్ రూముకి తెలియలేదు. సైరన్ మోగించడానికి గేటుతో సహా 36 చోట్ల ఏర్పాటుంది. ఏ ఒక్క చోటా నొక్కలేదు.

ముప్ఫై ఆరు. నా వృత్తిలో ఉన్నవాడెవడైనా ఆ డ్రాయింగ్ చూస్తే, భేషుగ్గా ఉంది, ఇంకో నాలుగు తగ్గించినా ఫర్వాలేదు అని సంతకం పెట్టేవాడు. నేనూ పెట్టేవాణ్ణి.

స్టైరిన్‌కి వాసనుంది. రేడియేషన్‌కి అదీ లేదు.

తమ్ముడికి నా పాత కౌంటరు ఇచ్చేశాను. బోర్డు ఎవరో పెట్టేదాకా ఎందుకు ఆగడం అనిపించింది. దాంతో ప్లాంటుని పట్టుకోలేం, అంత నమ్మకమైనది కాదు అని ముందే చెప్పాను. పొద్దున్నా రాత్రీ చూసి, వాన పడిందా లేదా అని పక్కన రాసి, ఒక నోటుబుక్కు నింపమన్నాను. మొదటి వారం ఉత్సాహంగా ఫొటోలు పంపాడు. రెండో వారం వాన రోజున అంకె పెరిగితే తనే ఫోన్ చేసి, "ఇది నువ్వు సెప్పిన వానదే గదా?" అన్నాడు. వాళ్లమ్మ దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టించిందట.

నిన్న పొద్దున్న ఆరింటికి మళ్లీ ఫోను.

"అన్నియ్యా, రాత్రి పదకొండు కాణ్ణుంచి ఇది టిక్కుమంట్లేదు. ఇప్పుడు బేటరీ ఏసినాను, మల్లీ మొదలెట్టింది."

"మంచిదేగా."

"మంచిదే గానీ, ఈ మజ్జిలో ఏటయ్యుంటాదో మరి తెలీదు గదా."

"తెలీదు."

"పుస్తకంలో రాత్రి గడి ఖాళీగా ఉంది. సున్నా ఏసీమంటావేటి?"